పాలకో పద్ధతి, పత్రానికో పద్ధతి

కంకిపాడు చుట్టుపక్కల ఊళ్లలో తెల్లారకముందే సహకార పాల కేంద్రం దగ్గర క్యాన్లు బారులు తీరతాయి. తూకం వేస్తారు, వెన్న శాతం చూస్తారు, దాన్నిబట్టి రేటు. చీటీ అక్కడికక్కడే చేతికొస్తుంది. పాలు పోసినవాళ్లకు డబ్బు ముట్టాలన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు.

పరిశోధన పత్రికల వ్యాపారం తద్విరుద్ధం. వ్యాసం రాసిన ఆచార్యుడికి పైసా రాదు, దాన్ని పరిశీలించిన తోటి పండితుడికీ సాధారణంగా రాదు. కొన్ని పత్రికలైతే రాసినవారి దగ్గరే రుసుం గుంజుతాయి. చివరికి అదే వ్యాసాన్ని విశ్వవిద్యాలయ గ్రంథాలయం చందా కట్టి తెచ్చుకోవాలి! 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి మూడేళ్లకు సుమారు రూ.6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13 వేల పత్రికలు. విశ్వవిద్యాలయాల పిల్లలకు చదువుకోవడానికి దొరుకుతాయి, సంతోషమే. ఊరి శాఖా గ్రంథాలయానికి వచ్చే పాఠకుడికి మాత్రం అప్పుడు ఆమోదించిన దాంట్లో చోటు లేదు.

పక్క రంగాల దారి పట్టడం మన గ్రంథాలయాలకు కొత్త కాదు. 1935లో గ్రంథాలయోద్యమ నేత పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పుస్తకాల పడవ నడిపారు. సరుకులు వెళ్లే నీటిదారే పుస్తకాలకూ సరిపోయింది.

పాడి సహకారం లాంటిది పత్రికలకూ కుదురుతుందనే నా నమ్మకం. బ్రెజిల్‌లో 1990ల చివర మొదలైన సైయెలో అనే ఆన్‌లైన్ వేదిక, ప్రజాధనం అండతో పత్రికలను అందరికీ ఉచితంగా చదవనిస్తోంది. ఈ సంచికలో ఇద్దరు గ్రంథపాలకులు, ఒక పాల సంఘం మాజీ కార్యదర్శి ఈ సహకార ఆలోచన మీదే రాశారు. ముగ్గురికీ ఎక్కడా పొసగలేదు. కత్తెర వేయకుండా అచ్చు వేశాం.