బడిలో అవ్వాతాతలకు చోటు

వృద్ధులను బడికి ఆహ్వానించి, శాలువ కప్పి, పిల్లలచేత రెండు పాటలు పాడించి పంపుట నేడు పలుచోట్ల ఆచారమగుచున్నది. గౌరవము మంచిదే. కాని ఆనాడు పెద్దలు పిల్లలకు నేర్పినదేమి? పిల్లలు పెద్దలకు నేర్పినదేమి? ఈ ప్రశ్నలకు సమాధానము లేని సభ వేడుక యగునే కాని విద్య కానేరదు.

మార్గము లేకపోలేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతివరకుగల విద్యార్థులు పుస్తకాల సంచి లేకుండ పది దినములు వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి స్థానిక నిపుణులయొద్ద పని నేర్వవలెనని సూచించినది. 2022లో ప్రారంభమైన నవభారత సాక్షరతా కార్యక్రమము పదునైదేండ్లు దాటిన నిరక్షరాస్యులకు చదువు చెప్పుటకు విద్యార్థులనుకూడ స్వచ్ఛంద సేవకులుగా పిలిచినది. అనగా పెద్దలు పిల్లలకును, పిల్లలు పెద్దలకును గురువులు కావచ్చును.

ఈ రెండు మార్గములు కలిసికొనుటకు మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు మిక్కిలి అనువైనవి. మదనపల్లె సమీపమున ఋషివ్యాలీవారు రూపొందించిన పల్లెబడుల పద్ధతిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో, కార్డుల సాయమున, ఒకరికొకరు తోడై నేర్చుకొందురు. కుప్పముచెంత విజ్ఞానకేంద్రము నెలకొల్పిన అగస్త్య సంస్థ ప్రదర్శనలలో ప్రయోగములను విద్యార్థులే తోటివారికి వివరింతురు. గురుత్వమునకు వయస్సే కొలత కాదని ఈ సీమ ఇదివరకే గ్రహించినది. ఇక అవ్వాతాతలను ఆ వరుసలో కూర్చుండబెట్టుటయే మిగిలినది.

వారియొద్ద నేమున్నది? పుంగనూరు పొట్టి ఆవును సాకిన అనుభవమున్నది. చెరువు తూము ఎప్పుడెత్తవలెనో తెలిసిన లెక్క యున్నది. తెలుగు, తమిళము, కన్నడము కలిసిన కుప్పపు పలుకుబడి యున్నది. వీనిలో పెక్కు పాఠ్యపుస్తకముల కెక్కలేదు, చెప్పువారితోడనే పోవును.

కావున నెలకొకసారి ఒక పెద్దను, నలుగురు పిల్లలను కూర్చుండబెట్టుడు. పిల్లలు విన్నది వ్రాసి, మరల చదివి వినిపించి సరిచూచుకొనవలెను. తన మాటను మనుమరాలి చేవ్రాతలో చూచిన అవ్వకు ఆ అక్షరములే తొలిపాఠము. అయితే పెద్దలు చెప్పినదెల్ల వేదమని పిల్లలు తలయూపరాదు. మూఢనమ్మకము వినవచ్చినపుడు వినయముతో ప్రశ్నించుటయు విద్యలో భాగమే. కూలికి పోవువారి దినము చెడకుండ వేళ నిర్ణయించుటయు మరువరాదు.

ఉపాధ్యాయ మిత్రులారా! ఈసారి శాలువకు కూర్చిన సొమ్ముతో తెల్లకాగితముల పుస్తకములు కొనుడు. అవి నిండుటయే ఆ పెద్దలకు నిజమైన సన్మానము.