తుంటి నొప్పి వయసు జబ్బు కాదు, పని జబ్బు

సంఘం సమావేశాల్లో మద్దతు ధర గురించి, అప్పుల గురించి, యూరియా లైన్ల గురించి గంటల తరబడి మాట్లాడుకుంటాం. ఆ కూర్చున్న గంటల్లో మనలో ఎంతమందిమి ఒక పిర్ర మీంచి ఇంకో పిర్ర మీదికి ఒరుగుతుంటామో ఎవరూ లెక్కపెట్టరు. అడిగితే "యాభై దాటినయ్ కదా, ఇవన్నీ ఉంటయ్" అనేస్తాం. ఆ మాట మానుకోవాలి. నడుము, తుంటి నొప్పుల్లో చాలా భాగం మన పని తెచ్చిపెట్టినవే. వాటిలో ఒకదాని గురించే ఈ నెల రాస్తున్నాం.

పిరుదు లోపల, వెన్నెముక కింది చివర నుంచి తొడ ఎముక పైకొన దాకా ఒక చిన్న కండరం ఉంటుంది. డాక్టర్లు దాన్ని పిరిఫార్మిస్ అంటారు. కాలిలోకి దిగే పెద్ద నరం, సయాటిక్ నరం, దాన్ని ఆనుకునే పోతుంది. కండరం బిగుసుకుని ఆ నరాన్ని నొక్కితే పిరుదులో పోటు మొదలై తొడ వెనకగా పిక్క దాకా గుంజుతుంది, తిమ్మిరెక్కుతుంది. ఎక్కువసేపు కూర్చుంటే పెరుగుతుంది.

మన పనులు చూడండి. కరిగెట్టు దున్నేటప్పుడు రోజంతా ట్రాక్టర్ సీటు మీద కుదుపులు, వెనక రోటవేటర్ ఎట్లా నడుస్తోందోనని నడుం తిప్పి తిప్పి చూడటం. 16 లీటర్ల పంపు వీపున వేసుకుని గట్ల మీద నడక. నాట్లు వేసే ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదలో వంగే ఉంటారు. ఇంత పని చేసిన ఒంటికి నొప్పి వస్తే తప్పు వయసుదా?

నొప్పి రాగానే మనం చేసేది ఒకటే. ఊళ్లో సూది వేయించుకోవడం, మెడికల్ షాపులో బిళ్లలు తెచ్చుకోవడం. ఆ పూటకు తగ్గుతుంది, మర్నాడు మళ్లీ పొలం. నెలల తరబడి మింగితే ఆ బిళ్లలు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. డిస్కు జారినా ఇలాగే గుంజుతుంది. ఏది ఏదో డాక్టర్ కాలు తిప్పి, ఒత్తి చూసి తేల్చాలి. అవసరమైతే వెన్ను స్కానింగ్ రాస్తారు.

పిరిఫార్మిస్ నొప్పి చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. కావాల్సింది కొన్ని వారాల పని మార్పు, క్రమంగా వ్యాయామం. వెల్లకిలా పడుకుని, నొప్పి ఉన్న కాలి చీలమండను రెండో మోకాలి మీద పెట్టి, రెండో తొడను చేతులతో రొమ్ము వైపు మెల్లగా లాక్కోవాలి. అరనిమిషం ఉంచి వదలాలి. పూటకు మూడుసార్లు, రోజుకు రెండు పూటలు చాలు. నొప్పి పెరిగితే ఆపి, ఫిజియోథెరపిస్టుకు చూపించాలి. ట్రాక్టర్ మీద, బండి మీద వెనక జేబులో పర్సు, ఫోను పెట్టుకోవద్దు. అరగంటకోసారి దిగి నాలుగడుగులు వేయాలి. మూత్రం, విరేచనం పట్టు తప్పినా, మర్మావయవాల చుట్టూ స్పర్శ పోయినా, పాదం లేవకపోయినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఇదంతా డాక్టర్ చెబుతాడు. "నెల రోజులు బరువులెత్తకు, వంగకు" అని చీటీ రాస్తాడు. ఆ నెల నాట్ల నెల అయితే? కౌలు ఎవరు కట్టాలి? కూలి ఎవరు తేవాలి? అసలు సమస్య ఇక్కడుంది. తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా కింద రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. అది కావాల్సిందే. కానీ బతికి ఉండి వంగలేని రైతుకు అందులో పైసా లేదు. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు చేశారు. అదీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికే. కోతకు డబ్బుంది, కోత తప్పించే వ్యాయామానికి లేదు. వారానికి రెండుసార్లు పట్నం పోయి ఫిజియోథెరపీ చేయించుకోవాలంటే బస్సు చార్జీ, ఫీజు, పోయిన కూలి, మూడూ మన నెత్తినే.

అందుకే అడుగుతున్నాం. ప్రతి మండలంలో ప్రభుత్వాసుపత్రికి వారానికి కనీసం రెండు రోజులు ఫిజియోథెరపిస్టు రావాలి. పని వల్ల వచ్చే నడుము, తుంటి జబ్బులకు, కౌలు రైతులతో, కూలీలతో సహా, పని చేయలేని రోజులకు భృతి ఇవ్వాలి. సబ్సిడీ యంత్రాల్లో వంగే పని తగ్గించే పనిముట్లకు, మంచి ట్రాక్టర్ సీట్లకు చోటివ్వాలి.

సర్కారు ఇచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. బదులు పని మనకు కొత్త కాదు. నొప్పితో పడుకున్నవాడి మడిలో గ్రామ శాఖ నుంచి నలుగురం దిగితే నాట్లు ఆగవు, వాడి వైద్యమూ ఆగదు. నాట్ల ముఠాల్లో గంటకోసారి ఐదు నిమిషాలు నడుం నిలబెట్టుకునే తీరిక కూలిలో భాగమని రైతులుగా మనమే ఒప్పుకోవాలి. వచ్చే సమావేశంలో ప్రతి శాఖ ఒక జాబితా తేవాలని కోరుతున్నాం: నడుము, తుంటి, మోకాలి నొప్పులతో పని ఆగినవాళ్లు ఎందరు, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు. ఆ జాబితా పట్టుకునే కలెక్టరేట్‌కు పోదాం. ఓర్చుకున్నన్నాళ్లు ఈ నొప్పి ఎవరి లెక్కల్లోకీ రాదు.