తాళం చెవి మన చేతికొస్తే...

సొంత డబ్బుతో ఇల్లు కొన్నాం. ఒక గదికి మాత్రం బిల్డరు తాళం వేసి, చెవి తనతోనే పట్టుకెళ్లాడు. ఊరుకుంటామా? స్మార్ట్‌ఫోన్ విషయంలో మాత్రం అందరం ఊరుకుంటున్నాం!

మొన్న సెలవులకొచ్చిన మా మేనల్లుడు నా పాత ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, ‘మామయ్యా, రూట్ చేసిపెట్టనా? కొత్తదానిలా పరిగెడుతుంది’ అన్నాడు. మూడేళ్లుగా అప్‌డేట్ ఎరుగని ఫోను. వారంటీ ఎప్పుడో తీరిపోయింది. సరేనన్నాను.

ఇందులో రెండు మెట్లున్నాయి. మొదటిది అన్‌లాక్. ఫోన్ ఆన్ చేయగానే ముందుగా మేలుకునే ప్రోగ్రామ్ పేరు బూట్‌లోడర్. కంపెనీ ముద్ర లేని సాఫ్ట్‌వేర్‌ని అది గడప దాటనివ్వదు. ఆ కాపలా తీసేయడమే అన్‌లాక్. రెండోది రూట్. ఆండ్రాయిడ్‌కి పునాది లినక్స్. అందులో సర్వాధికారాలూ ఉన్న యూజర్ పేరే ‘రూట్’. ఆ హోదా దక్కితే కంపెనీ అంటగట్టిన యాప్‌లనూ పీకి పారేయొచ్చు.

పాత ఫోన్‌లో కొత్త ఆండ్రాయిడ్ వేసుకోవడానికి అన్‌లాక్ చాలు, రూట్ అక్కర్లేదు. 2009లో మొదలైన సయనోజెన్‌మోడ్ ఇలాంటి ఫోన్లకు కొత్త ఊపిరి పోసింది. 2016 చివర్లో అది ఆగిపోయాక, లినేజ్ ఓఎస్ ఆ బాధ్యత అందుకుంది.

మరి వారంటీ? 2010లో వచ్చిన నెక్సస్ వన్‌ని అన్‌లాక్ చేయబోతే, వారంటీ పోవచ్చని తెరమీదే హెచ్చరిక కనిపించేది. నాక్స్ రక్షణ ఉన్న శామ్‌సంగ్ ఫోన్లలోనైతే ఏకంగా ఒక ఎలక్ట్రానిక్ ఫ్యూజు ఉంటుంది. బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే అది ఎగిరిపోతుంది. తర్వాత అసలు సాఫ్ట్‌వేరే తిరిగి వేసినా ఆ గుర్తు చెరగదు.

నన్ను భయపెట్టింది వారంటీ కాదు. మావాడు ఆఖరి బటన్ నొక్కబోతుంటే తెరమీద ‘ఫోన్‌లోని డేటా అంతా చెరిగిపోతుంది’ అని వచ్చింది. దొంగ చేతిలో పడ్డ ఫోన్ గుట్టు బయటపడకుండా చేసిన ఏర్పాటట అది. గుండె గుభేల్‌మంది. చనిపోయిన మా అమ్మ గొంతు ఒకే ఒక్క రికార్డింగ్‌గా మిగిలింది అందులోనే! ‘ఆగరా’ అని అరిచాను. అది కంప్యూటర్‌లోకి చేరి, మళ్లీ విని చూసుకున్నాకే పని ముందుకు సాగింది.

ఫోన్ ఇప్పుడు భేషుగ్గా నడుస్తోంది. బ్యాంకు యాప్ మాత్రం తెరుచుకోనంది. అన్‌లాక్ చేసిన, రూట్ చేసిన ఫోన్లను చాలా బ్యాంకు, చెల్లింపుల యాప్‌లు నమ్మవు. వాటి భయమూ న్యాయమే. రూట్ హోదా పొరపాటున ఓ దొంగ యాప్‌ చేతికి చిక్కితే ఇంటి తాళాలన్నీ ఇచ్చేసినట్టే.

అందుకే ఈ ముచ్చట తీర్చుకోవాలంటే వారంటీ తీరిన రెండో ఫోన్ మీదే తీర్చుకోండి. డబ్బు లావాదేవీలున్న ఫోన్ జోలికి పోవద్దు. ముందు ఫొటోలు, నంబర్లు వేరేచోట దాచండి. ఫైల్ మీ మోడల్‌దేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. తప్పుడు ఫైల్ ఎక్కితే ఫోన్ మళ్లీ ఆన్ కాకపోవచ్చు.

తాళం చెవి చేతికొచ్చిందంటే సంతోషమే. ఆ రోజు నుంచి కాపలా కూడా మనదే మరి!