మేడకు పిట్టగోడ

అమెరికాలో డల్లాసు పట్టణము సమీపమున కాపురమున్న యొక యౌవనస్థుడు పోయిన నెల నాకు ఫోనులో సందేశము పంపెను. అతడు నా చేతులమీద బాప్తిస్మము పొందిన బిడ్డ. ఇప్పుడు గ్రీన్ కార్డు పొంది, ఇద్దరు పిల్లల తండ్రియై యున్నాడు. "అయ్యగారూ, పిస్తోలు ఉన్నవాళ్లు ఆదివారం ఆరాధనకు పెట్టుకొని రావచ్చని మా సంఘ కమిటీవారు అంటున్నారు. ఇక్కడ దానికి లైసెన్సు కూడా అక్కరలేదు. నేనూ ఒకటి కొననా?" అని అడిగెను.

అతని భయమును నేను తేలికగా ఎంచను. 2023 మే 6న ఆ డల్లాసు ప్రక్కనున్న అలెన్ అను ఊరి బజారులో ఎనిమిదిమంది కాల్పులలో చనిపోయిరి. వారిలో ఒక తెలుగు యువతి యున్నది. అయితే నన్ను కలవరపరచినది అతని ప్రశ్న కాదు, దానికి ముందున్న ఆ చిన్న మాట: లైసెన్సు అక్కరలేదు.

మన దేశమున 1959 ఆయుధముల చట్టము ప్రకారము తుపాకి కోరువాడు అధికారుల యొద్ద లైసెన్సు పొందవలెను. ఎన్నికలు వచ్చెనా, లైసెన్సు గలవాడు సయితము దానిని చాలచోట్ల పోలీసు స్టేషనులో అప్పగింపవలసినదే. అమెరికాలో తుపాకి ధరించి వీధిలో తిరుగు విషయమును ఏ రాష్ట్రమునకా రాష్ట్రము నిర్ణయించుకొనును. వెర్మాంటు రాష్ట్రము ఎన్నడును అనుమతి పత్రము అడుగలేదు. 2003లో అలాస్కా, 2010లో అరిజోనా ఆ త్రోవ త్రొక్కెను. తరువాత వరుసగా పెక్కు రాష్ట్రములు చేరి, 2024 నాటికి 50లో 29 అట్టివాయెను. టెక్సాసు 2021 సెప్టెంబరు 1 నుండి వాటిలో నొకటి.

అక్కడ వారు తీసివేసిన భారమెంత? అంతకుముందు చేతితుపాకి ధరింపగోరువాడు వేలిముద్రలిచ్చి, నాలుగు మొదలు ఆరు గంటలు పాఠము విని, గురి పరీక్షలో నెగ్గవలెను. అంతే! మన ఆడపిల్లలు కుట్టుమిషను నేర్చుకొనుటకే అంతకన్న ఎక్కువకాలము పట్టును. నేడును ఇష్టమున్నవాడు ఆ పత్రము పొందవచ్చును. ఇష్టము లేనివాడు పాఠము లేకయే తిరుగవచ్చును.

ఈ చట్టములను కొనియాడువారిలో మన విశ్వాసపు సహోదరులు అనేకులున్నారు. వారు లూకా 22వ అధ్యాయమును చూపుదురు. ప్రభువు శిష్యులను కత్తి సంపాదించుకొనుమన్న సందర్భమది. సహోదరులారా, కొంచెము ముందుకు చదువరేమి? అక్కడ ఉన్నవి రెండే కత్తులు. ఆ రాత్రియే ఒకటి ఒరనుండి వచ్చెను. భయములో, చీకటిలో, జాలరి చేతినుండి పడిన ఆ వేటు తగిలినది ఒక దాసుని చెవికి. గురి అట్లుండును! ప్రభువు ఆ చెవిని ముట్టి బాగుచేసెను. పిస్తోలు గుండు చెవితో ఆగునా?

నేను చూపు వాక్యము ద్వితీయోపదేశకాండము 22:8. క్రొత్త యిల్లు కట్టువాడు పైకప్పుకు పిట్టగోడ పెట్టవలెను. లేనియెడల అక్కడనుండి పడినవాని రక్తము ఆ యింటిమీదికి వచ్చును. మోషే మేడ కట్టవద్దనలేదు, ఎక్కవద్దనలేదు. మంచివాని మేడకును గోడ కావలెననెను, ఏలయనగా పడువాడు పొరుగువాని బిడ్డ కావచ్చును. "దుర్మార్గుడు లైసెన్సు అడుగునా?" అని యెగతాళి చేయువారికి ఇదే నా జవాబు. పిట్టగోడ దొంగలకొరకు కట్టినది కాదు.

2019 డిసెంబరు 29న టెక్సాసులోని వైట్ సెటిల్మెంటు అను ఊరి దేవాలయములో ఒకడు ఇద్దరిని కాల్చి చంపగా, సంఘపు కావలివాడు ఆరు సెకనులలో వానిని కూల్చెను. దీనిని ప్రతివాదులు తరచుగా చెప్పుదురు. నిజమే, ఆ కావలివాడు అనేకుల ప్రాణములు కాపాడెను. అయితే అతడెవరు? తుపాకి విద్య నేర్పు బోధకుడు, మునుపు షెరీఫు కార్యాలయములో సహాయకుడుగా పనిచేసినవాడు. ఈ సాక్ష్యము వారి పక్షమో నా పక్షమో చదువరియే చెప్పవలెను.

వారి వాదములో నన్ను నిజముగా ఆపినది మరియొకటి యున్నది. 1956లో మార్టిన్ లూథర్ కింగుగారి యింటిమీద బాంబు పడినప్పుడు ఆయన అలబామాలో తుపాకి అనుమతి కోరెను, అధికారులు ఇయ్యలేదు. అధికారి యిష్టమునకు విడిచిన అనుమతి బలహీనుని గొంతుకు ఉరి కాగలదు. ఒప్పుకొనుచున్నాను. కాని టెక్సాసు అనుమతి అట్టిది కాదు. షరతులు నెరవేర్చినవానికి అది ఇచ్చి తీరవలసినది. గోడ వంకరగా నున్నయెడల తిన్నగా కట్టవలెను గాని పడగొట్టుట యేమి న్యాయము?

దక్షిణ కరోలినాలో జరిగినదిదే. 2015 జూన్ 17న చార్లెస్టన్ పట్టణపు ఇమ్మానుయేలు దేవాలయమున, బైబిలు తరగతిలో తమతో కూర్చుండబెట్టుకొనిన అతిథి చేతనే తొమ్మండుగురు హతులైరి. సంఘ కాపరి క్లెమెంటా పింక్నీగారు వారిలో నొకరు. ఆయన ఆ రాష్ట్రపు శాసనసభలో సెనేటరు కూడ. హంతకునికి పిస్తోలు అమ్మరాదు. కాని తనిఖీ మూడు దినములలో ముగియనందున దుకాణమువాడు అమ్మెను. అది గోడలోని పగులు. ఆ శాసనసభ ఏమి చేసెను? 2024 మార్చిలో మరియొక గోడనే కూల్చి, 18 ఏండ్లవాడు సయితము అనుమతి లేక పిస్తోలు ధరింపవచ్చుననెను. కాపరి కూర్చున్న సభయే అది!

నా యౌవనస్థునికి ఇట్లు వ్రాసితిని: "బాబూ, 2021లో ఆ దేశమున తుపాకివలన చనిపోయిన 48,830 మందిలో సగముకంటె ఎక్కువమంది తమ్మును తామే చంపుకొనినవారు. కాబట్టి పిస్తోలు కొనకముందు నీ యింటిలోనివారి మనస్సు ఎరుగుము. కొనకుండిన నాకు సంతోషము. కొనినయెడల, చట్టము అడుగకున్నను ఆ ఆరు గంటల పాఠమునకు పొమ్ము, పరీక్షలో నెగ్గుము. మీ కమిటీవారిని ఒక్క మాట అడుగుము: సండేస్కూలు పిల్లలు ఒడిలోనికి ఎక్కునప్పుడు ఆ పిస్తోళ్లు ఎక్కడ ఉండును?"

కమిటీ వచ్చే ఆదివారము కూడునట. ఈ మాట అక్కడ చదివెదనని అతడు జవాబు పంపెను.