నీడ కూడా గ్రేడు ప్రకారమే

ఎన్టీపీసీ జ్యోతినగర్ రోడ్లు, సింగరేణి ఆఫీసర్ల బంగ్లాలు, వాటి చుట్టూ వేపచెట్లు, కానుగ చెట్లు - ఇదంతా మన వారసత్వమట. కాపాడుకోవాలట. కాపాడండి. చెట్లమీద మాకేం పగలేదు. కానీ ఆ 'మన'లో మేమెక్కడున్నాం?

మమ్మల్ని చూస్తే మీకు నవాబులు గుర్తొస్తారు. 1945లో సింగరేణిని నిజాం సర్కారు కొన్నది నిజమే. ఆ లాభంలో ఒక్క పైసా మా తాతలకు రాలేదు. మా అబ్బా తట్టా చెమ్మస్ పట్టుకొని గోదావరిఖనిలో బాయి దిగినోడు. బొగ్గుపొడి రాలిన ముఖానికి మతమేమిటో గుర్తుపట్టండి చూద్దాం!

బంగ్లా ఆఫీసరుకి. కార్మికుడికి రెండు గదుల క్వార్టర్. చెట్టు నీడ కూడా గ్రేడు ప్రకారమే. అయినా నేను వారసత్వమని చెప్పేది ఆ రెండు గదుల గురించే. ఎందుకంటే దాన్ని ఇచ్చింది సీనియారిటీ లిస్టు. పక్కింట్లో ఎవరుండాలో లిస్టు చెప్పింది, కులపెద్ద చెప్పలేదు. అట్లా మాదిగ ఇంటి గోడ, కాపు ఇంటి గోడ, మా గోడ ఒక్కటైనయ్. గంగా జమునా అని పాట పాడటానికి ఇది చెప్పటం లేదు. ఆ లైన్లో మా గిన్నె ముట్టని వాళ్లూ ఉన్నారు. ముట్టకపోతే పోనీ. మమ్మల్ని ఖాళీ చేయించే హక్కు మాత్రం వాళ్లకు లేకపోయింది.

రిటైరైతే క్వార్టర్ వదలాలి. అది అందరికీ ఒకటే రూలు. ఆ తర్వాతిదే ఒకటి కాదు. అబ్బా కిరాయి ఇల్లు వెతికాడు. ఇల్లు నచ్చింది, కిరాయి కుదిరింది. "పేరేంది?" అన్నారు. పేరు చెప్పగానే చుట్టాలొస్తున్నారన్నారు. ఇంకో ఇంట్లో "నీసు తినేటోళ్లకు ఇయ్యం" అన్నారు. ఆ ఇంటి వంటగదిలోంచే కోడికూర వాసన! చివరికి మా వాళ్లున్న బస్తీకే చేరాం. ఇప్పుడు మీరే అంటారు - వీళ్లెప్పుడూ గుంపుగానే ఉంటారు, కలవరు అని.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు. ఇప్పుడు నలభై వేల చుట్టూ. బాయిలు పోయి ఓపెన్‌కాస్టులొచ్చినయ్. మనుషులు తగ్గితే ఆ లిస్టు కిందికి వచ్చే ఇండ్లూ తగ్గినట్టే. ఎఫ్‌సీఐ ఫ్యాక్టరీ 1999లో మూతపడితే దాని కాలనీ ఏమైందో చూసినవాళ్లమే. బయట ప్లాట్లు కొన్నవాళ్లు ఎవరి కులం పక్కన వాళ్లు కట్టుకున్నారు. దీనిమీద ఏ బంగ్లా ప్రేమికుడూ ఒక్క ముక్క రాయలేదు.

బంగ్లాల జాబితా తయారుచేసే పెద్దలకు ఒక్క మాట. అందులో కార్మికుల లైన్లు రాయండి, ముందు వరసలో రాయండి. గోడలే కాదు, ఏ గోడకు అటూ ఇటూ ఎవరున్నారో ఆ పేర్లతో సహా రాయండి. అబ్బా ఇప్పటికీ ఆ దారిన పోతే పాత క్వార్టర్ ముందున్న వేపచెట్టు కాడ సైకిల్ ఆపుతాడు. ఆయన పెట్టిన చెట్టే అది. లోపల ఇంకెవరో ఉంటున్నారు గనక గేటు బయటే నిలబడతాడు.