కెమెరా చూపించిందే కాలేజీనా?

కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

మొన్న మన గ్రూపులో ఒకరు "ఇకమీదట న్యాక్ వాళ్లు కాలేజీలకు రారట, ఆన్‌లైన్‌లోనే చూసేస్తారట, పీడ విరగడైంది" అని రాశారు. కింద వరసగా లైకులు. నేను కొట్టలేదు. ఎందుకో చెబుతాను.

ఈ మార్పు ఊరికే రాలేదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీకి పెద్ద గ్రేడు కోసం నగదు, బంగారం, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు చేతులు మారాయన్న ఆరోపణపై, తనిఖీ బృందం చైర్మన్‌తో సహా పదిమందిని సీబీఐ అరెస్టు చేసింది. ఎక్కడున్నా తెలుగువాళ్లం సిగ్గుపడ్డాం. ఆ తరవాతే కాలేజీలకు ఆన్‌లైన్, యూనివర్సిటీలకు హైబ్రిడ్ అన్నారు.

ఆన్‌లైన్‌లో ఖర్చు తగ్గుతుంది, సన్మానాలు, శాలువాలు, హోటల్ గదులు తప్పుతాయి. ఒప్పుకుంటాను. కానీ లంచం రైలెక్కి రావాల్సిన పనిలేదు, ఫోన్లో కూడా బేరం కుదురుతుంది. మనుషులు తప్పు చేశారని చూడటమే మానేస్తే, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టే.

అసలు 2017 నుంచే మార్కుల్లో సుమారు 70 శాతం కాలేజీ పంపిన అంకెలు, కాగితాల మీదే నడుస్తోంది. వాటిని ఎక్కడో కూర్చుని సరిచూస్తారు. కళ్లతో చూసేది ఆ మిగిలిన కొంచెమే. ఇప్పుడు అదీ కెమెరాకి అప్పగించాం. ఆ కెమెరా ఎవరి చేతిలో ఉంటుంది? కాలేజీ వాళ్ల చేతిలోనే కదా!

మనకేం నష్టం అంటారా? కర్ణాటకలో, తమిళనాడులో తెలుగు భాషా మైనారిటీ హోదాతో నడిచే విద్యాసంస్థలున్నాయి. రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కు అది. అలాంటి ఒక కాలేజీలోనే నేను చదివాను. పోయినేడు వెళ్తే తెలుగు శాఖ బోర్డు కొత్త రంగుతో మెరుస్తోంది, గదికి తాళం. అటెండరు తాళంచెవి వెతకడానికి అరగంట పట్టింది. లోపల బీరువాల మీద వేలు పెడితే దుమ్ము. ఆ బోర్డుని ఫోటో తీసి, స్థలం, తేదీ ముద్రతో పంపితే కాగితం మీద శాఖ బ్రహ్మాండంగా ఉన్నట్టే. నిజం తెలియాలంటే మనిషి వెళ్లి తాళం తియ్యమనాలి.

ఆన్‌లైన్ వద్దనడం లేదు. కాగితాలు ఆన్‌లైన్‌లోనే చూడండి. కానీ కొన్ని కాలేజీలకైనా చెప్పాపెట్టకుండా మనిషిని పంపండి. విద్యార్థులతో మాట్లాడేటప్పుడు మేనేజ్‌మెంటు వాళ్లని గదిలో ఉండనివ్వకండి. ఇంతే అడుగుతున్నాను.

అంతవరకు మన పని మనం చేద్దాం. కాలేజీ న్యాక్‌కి పంపే స్వీయ అధ్యయన నివేదికను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. మీరు చదివిన కాలేజీది తెరిచి చూడండి. తెలుగు చదివే పిల్లలు, తెలుగు అధ్యాపకులు, లైబ్రరీ గురించి ఏం రాశారో చదివి, ఒకసారి స్వయంగా వెళ్లి పోల్చండి. తేడా ఉంటే పూర్వ విద్యార్థి హోదాలో ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు సంఘానికి పంపండి.

ఆ గది తాళం తియ్యమని అడగాల్సింది ముందు మనమే.