అంబాసిడర్ కడుపులో స్పోర్ట్స్ కారు

మానేటి ముచ్చట

దుబాయ్ నుంచి, మస్కట్ నుంచి సెలవు మీద వచ్చే మా గంభీరావుపేట పిలగాళ్ల కోరికల చిట్టా నాకు కంఠతా వచ్చు. ఇల్లు, ఎకరం పొలం, చెల్లె పెండ్లి. ఈ మధ్య దాంట్లో ఇంకొకటి చేరింది: పాత కారు. అదీ మామూలుది కాదు, స్పోర్ట్స్ కారు. "కాకా, కొత్త బండి ఎవడన్న కొంటడు. పాత స్పోర్ట్స్ బండి కొని, మంచిగ జేయించి సిరిసిల్ల బజార్ల తిప్పుతే ఆ కతనే వేరు" అన్నాడొకడు. అక్కడ తన కఫీల్ (యజమాని) షెడ్డులో ఎర్రటి ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఉందట. శుక్రవారం శుక్రవారం దాన్ని తుడిచే పని ఇతనిదేనట. తుడవగా తుడవగా పుట్టిన మోజు.

మోజును నేను తప్పు పట్టను. మొదలుపెట్టే చోటు దగ్గరే నా పేచీ. అతని ఫోనులో రాసుకున్న పనుల్లో పెద్ద కార్బరేటర్ ఉంది, వెడల్పు టైర్లున్నాయి, ఊరంతా లేచి కూర్చునే సైలెన్సర్ ఉంది. బ్రేకు అన్న మాట మాత్రం లేదు. పాత కారు కొనేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: బండి ముందు ఆగాలి, తర్వాత చెప్పినట్టు తిరగాలి, ఆ తర్వాత మన ఎండకు మరగకుండా నిలబడాలి. ఉరకడం అన్నింటికంటే చివరి సంగతి. ఈ వరుసను తిరగేసినవాళ్లు డబ్బుతో సరిపెట్టుకుంటే అదృష్టవంతులే.

సరే, ఏ కారు కొనాలి? గల్ఫ్‌లో చూసిన బండిని ఓడెక్కించి తెచ్చుకోవడం అంత సులువు కాదు. మామూలు సెకండ్‌హ్యాండ్ కారు దిగుమతి కావాలంటే దాని వయసు మూడేళ్లకు మించకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. అక్కడి బండ్లు దాదాపు అన్నీ ఎడమచేతివి. కాబట్టి ఇక్కడ దొరికేదే చూసుకోవాలి. దానికి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 1955లో బ్రిటన్‌లో విడుదలైన ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో ఉన్నది బీఎంసీ కంపెనీ బీ-సిరీస్ ఇంజను, 1489 సీసీ. మన తాసిల్దార్లు, ఎమ్మెల్యేలు, కరీంనగర్ టాక్సీవాళ్లు ఏళ్ల తరబడి ఎక్కి తిరిగిన అంబాసిడర్‌లో ఉన్నదీ ఆ వంశపు ఇంజనే, అదే 1489 సీసీ. ఎంజీఏకు రెండు ఎస్‌యూ కార్బరేటర్లు, తేలికైన ఒళ్లు ఇచ్చారు. అంబాసిడర్‌కు ఒక్క కార్బరేటర్ ఇచ్చి సగం పెండ్లి బృందాన్ని మోయమన్నారు. కఫీల్ షెడ్డులోని ఎంజీబీది కూడా 1962లో 1798 సీసీకి పెంచిన బీ-సిరీసే. అంటే మా కుర్రాడు అక్కడ తుడుస్తున్న కారుకు ఇక్కడ మూలన పడి ఉన్న తెల్ల అంబాసిడర్ దగ్గరి చుట్టం.

ఇంకో చుట్టం మద్రాసులో పుట్టింది. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి చేసిన హెరాల్డ్ అది. గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలొట్టి. హెరాల్డ్ చాసిస్‌నే పొట్టి చేసి, ఆయనే గీసిన ఇంకో ఒళ్లు దాని మీద కూర్చితే 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు అయింది. హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తంగా ముందుకు లేస్తుంది. ముందు టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాడికి దాన్ని మించిన బడి లేదు. దాని రోగం కూడా చెప్పాలి. మలుపులో జోరుగా పోతూ ఉన్నట్టుండి యాక్సిలరేటర్ వదిలేస్తే దాని వెనక చక్రం లోపలికి మడతపడుతుంది, బండి వెనక భాగం పక్కకు జారుతుంది. 1972లో అదే కంపెనీ తెచ్చిన గజెల్ కారుకు ఆ మడతపడే వెనక ఇరుసు తీసేసి మామూలు గట్టి ఇరుసు వేశారు.

కారులో ఒక్క భాగమే పెద్దదైతే ఏమవుతుందో తెలుసుకోవడానికి కూడా మన దేశపు కార్లే చాలు. 1985లో అదే స్టాండర్డ్ కంపెనీ స్టాండర్డ్ 2000 అని ఒక కారు తెచ్చింది. ఒళ్లు రోవర్ ఎస్‌డీ1ది. బ్రిటన్‌లో ఆ ఒంట్లో మూడున్నర లీటర్ల వీ8 దాకా ఇంజన్లు ఉండేవి. ఇక్కడ అందులో పాత వ్యాన్‌గార్డ్ కారు కాలపు రెండు లీటర్ల ఇంజను పెట్టారు. మూడు నాలుగేళ్లలోనే కథ ముగిసింది. హిందుస్థాన్ మోటార్స్ కూడా 1984లో కాంటెస్సాకు బ్రిటన్ వాక్స్‌హాల్ ఒళ్లు తెచ్చి లోపల అంబాసిడర్ ఇంజను పెట్టింది, లాగలేకపోయింది. తర్వాత తేరుకుని ఇసుజు 1.8 లీటర్ల ఇంజను, ఐదు గేర్ల డబ్బా కలిపి ఇస్తే అప్పుడు జనం కాంటెస్సాను కారన్నారు. కంపెనీలు పెద్ద ఒంటికి చిన్న ఇంజను పెట్టి దెబ్బతిన్నాయి. మన కుర్రాళ్లు చిన్న బ్రేకులకు పెద్ద ఇంజను పెట్టి దెబ్బతింటున్నారు. రెండూ ఒకటే తప్పు, రెండోదానికి మూల్యం ఎక్కువ.

ఇక కొనే పని. కారు కంటే ముందు కాగితం చూడాలి. ఉమ్మడి కరీంనగర్ నాటి ఏపీ 15 నంబరైనా, 1989కి ముందు నాటి మూడక్షరాల నంబరైనా, ఆర్సీ పుస్తకంలో ఉన్న చాసిస్ నంబరూ ఇంజను నంబరూ బండి మీద ఉన్నవాటితో కలవాలి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే అచ్చు పడుతుంది. ఆ పెన్సిల్ ప్రింట్ కొనకముందే మీ చేతిలో ఉండాలి. ఆర్సీలో ఫైనాన్స్ రాసి ఉంటే అది కొట్టేయించిన కాగితం, వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఎన్‌వోసీ, అమ్మేవాడి సంతకాలతో 29, 30 ఫారాలు అడగాలి. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఇరవై ఏళ్లు దాటిన కారుకు ఈ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు. గ్రీన్ టాక్సు దీనికి అదనం. "కాగితాలు తర్వాత చూసుకుందాం అన్నా" అనేవాడి దగ్గర కారు ఎంత మెరిసినా లేచి వచ్చేయండి.

తర్వాత బండి కింద దూరాలి. పై రంగుకు పది మార్కులు, కింది తుప్పుకు తొంభై. కాళ్ల కింది రేకు, తలుపుల కింది గడప, స్ప్రింగులు పట్టుకునే చోట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ఇంజను పాడైతే బోరింగు పట్టించవచ్చు, పిస్టన్లు మార్చవచ్చు. ఒళ్లు పుచ్చిపోతే టింకరింగుకు అంతుండదు. కొనే ధర ఎంతో, అంత డబ్బు మరమ్మతుకు పక్కన పెట్టలేనివాడు ఈ ఏడాది ఆగడం మంచిది.

కొన్నాక, రేంచి పట్టకముందే ఒక తీర్మానం చేసుకోవాలి: బండిని పుట్టినట్టు ఉంచుతారా, మారుస్తారా? 2021 జూలైలో కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, మరమ్మతుకు బయటికి తీయవచ్చు కానీ రోజువారీ పనికి వాడకూడదు. కాబట్టి 1970 నాటి హెరాల్డ్‌కు ఆ దారి తెరిచే ఉంది. 1984లో మొదలైన కాంటెస్సాకు 2034 దాకా లేదు. ఇప్పుడు మార్పులు మొదలుపెడితే ఆ తలుపు మీరే మూసుకున్నట్టు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్ ఉంది. దాన్ని చూసి చేతులు కట్టుకుని నిలబడాలనిపిస్తుంది, అది సరైనదే. అయితే అంబాసిడర్లు లక్షల్లో తయారయ్యాయి. వాటిలో ఒకదాన్ని బాగుచేసి నడిపితే చరిత్రకు వచ్చిన నష్టం లేదు. "ఒక్క బోల్టు మార్చినా పాపం" అనే పెద్దమనుషులతో నేను ఏకీభవించను.

నడపాలనుకున్నవాళ్లు బ్రేకుల దగ్గర మొదలుపెట్టండి. వేగం రెట్టింపైతే బ్రేకు ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. నలభైలో ఆగిన బండి ఎనభైలో కూడా ఆగుతుందనుకోవడం లెక్క రాకపోవడమే. పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. పాత బ్రేకు పద్ధతిలో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ దారి, ఎక్కడ ఒక పైపు పగిలినా పెడల్ నేలను తాకుతుంది. రబ్బరు పైపులు, వీల్ సిలిండర్లు, బ్రేక్ ఆయిల్ మొత్తం కొత్తవి వేయించండి. చేతిలో డబ్బు మిగిలితే రెండు దారుల మాస్టర్ సిలిండర్, ముందు చక్రాలకు డిస్కులు. హెరాల్డ్ ఉన్నవాళ్లకు ఇక్కడ చుట్టరికం కలిసొస్తుంది: స్పిట్‌ఫైర్‌కు పుట్టుకతోనే ముందు డిస్కులున్నాయి, ఆ సామాను హెరాల్డ్‌కు కూర్చుంటుంది. ఆ తర్వాత కింగ్‌పిన్ల గ్రీజు, స్టీరింగు ఆట, షాకులు, మంచి రేడియల్ టైర్లు, సీటు బెల్టులు.

మూడోది వేడి. మే నెలలో జగిత్యాల, సిరిసిల్ల ఎండ ఎట్లుంటదో నేను చెప్పనక్కర్లేదు. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు మానండి. ఆ నీళ్ల సున్నం గొట్టాల్లో పేరుకుంటుంది. రేడియేటర్ విప్పించి కడిగించి కూలెంట్ పోయండి. మన మేస్త్రులు చాలామంది బండి మరుగుతుందనగానే థర్మోస్టాట్ పీకి పారేస్తారు. రోగం రేడియేటర్‌లో ఉంటే దాన్ని పీకి లాభం లేదు. పైగా చలికాలం ఇంజను సరిగ్గా వేడెక్కక త్వరగా అరుగుతుంది.

నాలుగోది పెట్రోలు. బంకులో ఇప్పుడు దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని, కార్బరేటర్ గాస్కెట్లను మెత్తబరుస్తుంది. గాలిలో తేమ లాక్కుంటుంది, కదలకుండా నిలబెట్టిన బండి ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. ఇథనాల్ తట్టుకునే పైపులు వేయించి, ట్యాంకు కడిగించి, వారానికోసారైనా నడపాలి. 2000లో మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఆ సీసం మీద బతికిన పాత హెడ్డుల్లో వాల్వు సీట్లు అరుగుతాయి. ఎప్పుడైనా హెడ్డు దించితే గట్టి సీట్లు ఎక్కించుకోండి.

ఇవన్నీ అయ్యాకే ఇంజను. అదీ కంప్రెషన్ చూసి, నాలుగు సిలిండర్లూ సమంగా ఉంటే ముట్టుకోకండి. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపేవాళ్లకు ఇది కొత్త కాదు. సాంచా వేగం పెంచే ముందు నట్లు బిగించి, ఊగులాట ఆపుతారు. లేదంటే బట్ట నేసేదాని కంటే పోగులు తెగేదే ఎక్కువ. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడం, హెడ్‌లైట్లకు రిలేలు వేయడం తక్కువ ఖర్చుతో ఎక్కువ సుఖం ఇచ్చే పనులు. అప్పటికీ ఉరుకుడు చాలకపోతే కార్బరేటర్ గురించి ఆలోచించవచ్చు.

వేరే ఇంజను పెట్టాలనుకునేవాళ్లు చట్టం చదవండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది. తప్పితే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. పాడైన ఇంజను బదులు అదే రకం ఇంజను వేయాలన్నా ఆర్టీవో ఆఫీసులో ముందు అనుమతి తీసుకుని, కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబుండదు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడే ఒక మాట: ఐదేళ్లు దాటిన బండి విలువ కంపెనీ, మీరు మాట్లాడుకుని నిర్ణయించేది. మీరు పెట్టిన ఖర్చుకు బిల్లులు, ఫొటోలు దాచి ఉంచితేనే ఆ బేరంలో నోరు లేస్తుంది.

ఈ వరుసలో బ్రేకు కంటే ముందు రావాల్సింది ఒకటుంది: మేస్త్రి. ఎస్‌యూ కార్బరేటర్ నీడిల్‌ను చెవితో విని సరిచేసేవాళ్లు, చేత్తో రేకు కొట్టి గడప చేసేవాళ్లు కోరుట్లలో, సిరిసిల్లలో, కామారెడ్డి రోడ్డు షెడ్లలో ఇంకా ఉన్నారు, కానీ అరవై దాటినవాళ్లే ఎక్కువ. ఇప్పటి కుర్రాళ్లు కంప్యూటర్ తగిలించి లోపం చదువుతారు. కార్బరేటర్ విప్పమంటే బిత్తరపోతారు. అది వాళ్ల తప్పు కాదు, నేర్పినవాళ్లు లేరు. గల్ఫ్ పైసలతో పాత బండి కొంటున్న తమ్ముళ్లకు నేను చెప్పేది ఇదే. కారు చూడకముందే మేస్త్రిని చూసుకోండి. ఆయనను వెంట తీసుకుపోయి బేరం చేయండి. పని మొదలైన రోజు ఒక ఐటీఐ పిలగాణ్ణి ఆయన పక్కన నిలబెట్టి, వాడి కూలీ కూడా మీ బిల్లులోనే రాయించండి. వెడల్పు టైర్ల కంటే తక్కువే అవుతుంది. పదేళ్ల తర్వాత మీ బండి బజారులో తిరుగుతుందా, షెడ్డులో కూలబడుతుందా అన్నది ఆ పిలగాడు ఏం నేర్చుకున్నాడన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.